ఖాళీ లిఫ్ట్ పైకి వెళ్తుంటేనే ఆగిపోతోంది. డ్రైవ్ మార్చాలంటున్నారు, నిజమేనా?

బలగ_సెక్రటరీ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మాది బలగ వైపు స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. లిఫ్ట్ 8 మంది పట్టేది, 544 కిలోలు, సెకనుకు 1 మీటరు వేగం, గేర్‌లెస్ మెషిన్, వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటార్ వేగాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె). పెట్టి ఏడేళ్లు దాటింది. ఇన్నాళ్లూ పెద్దగా ఏడిపించలేదు.

ఈ వేసవి నుంచి కొత్త రోగం పట్టుకుంది. పై అంతస్తు వాళ్లు బటన్ నొక్కితే ఖాళీగా బయల్దేరి టక్కున ఆగిపోతోంది. ఒకసారి కదలగానే ఆగుతుంది, ఒకసారి రెండో అంతస్తు దాటాక ఆగుతుంది. లోపల ఒకరిద్దరు ఉన్నా అంతే. విచిత్రం ఏమిటంటే నలుగురు ఎక్కితే శుభ్రంగా వెళ్తోంది. ఒకరిద్దరు కిందికి దిగేటప్పుడు కూడా ఏ గొడవా లేదు. బరువెక్కితే లిఫ్ట్ మొరాయించడం విన్నాం గానీ, బరువు లేకపోతే మొరాయించడం ఏమిటండీ?

మొన్న మూడో అంతస్తు మామ్మగారు కూరల సంచీతో ఒక్కరే ఎక్కి ఇరుక్కుపోయారు. తలుపు తీసేసరికి ఆవిడ బీపీ సంగతి దేవుడెరుగు, నాది పెరిగింది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) కుర్రాడు వచ్చి డ్రైవ్ డిస్‌ప్లే చూసి "ఓవర్ వోల్టేజ్ సార్, డ్రైవ్ పోయింది, కొత్తది వెయ్యాలి" అని తేల్చేశాడు. కొటేషన్ లక్షా పది వేలు, జీఎస్టీ అదనం. ఆదివారం మీటింగ్‌లో ఈ అంకె చెబితే నన్ను కాల్చుకు తినేస్తారు. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_లైన్‌మన్ (ఆమదాలవలస)

సెక్రటరీ గారూ, ఓవర్ వోల్టేజ్ అని రాస్తే ముందు చూడాల్సింది సప్లై. రాత్రి పదిన్నర దాటాక షాపుల ఏసీలు, మిల్లులు ఆగిపోయాక లైన్లో వోల్టేజ్ పైకి లేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా ఉన్న బిల్డింగులకి ఇది ఎక్కువ. మూడు ఫేజుల మధ్య రాత్రి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మీటర్ పెట్టి చూడండి. 415 ఉండాల్సింది 450 ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ సర్దే సెట్టింగ్) మార్చమని సెక్షన్ ఆఫీసులో కాగితం పెట్టండి. ఎర్తింగ్ కూడా చూపించండి. మన ఇసక నేలల్లో వేసవి వస్తే ఎర్త్ పిట్ ఎండిపోతుంది, ఎవడూ నీళ్లు పొయ్యడు.

వంశధార

నలుగురు ఉంటేనే కదులుతానంటోంది అంటే అది లిఫ్ట్ కాదు బాబూ, షేర్ ఆటో. జనం నిండాలి.

డ్రైవ్_పానా (విజయనగరం, లిఫ్ట్ పని)

వంశధార గారు సరదాకి అన్నా అసలు విషయం అక్కడే ఉంది. ఎప్పుడు ఆగుతోంది, ఎప్పుడు ఆగడం లేదు అనేది సెక్రటరీ గారు చక్కగా రాశారు. అది చదివితే డ్రైవ్ పెట్టె తెరవక్కర్లేకుండానే సగం తెలిసిపోతుంది.

లిఫ్ట్‌లో కేబిన్‌కి రోప్‌ల అవతలి కొసన కౌంటర్ వెయిట్ ఉంటుంది. దాని బరువు ఖాళీ కేబిన్ బరువు, దాని మీద లిఫ్ట్ మొయ్యగలిగే బరువులో సుమారు సగం. మీ లిఫ్ట్‌కి 544లో సగం అంటే 272 కిలోలు. మనిషికి 68 కిలోల లెక్కన సరిగ్గా నలుగురు. నలుగురు ఎక్కితే రెండు వైపులా సమానం, మోటార్‌కి దాదాపు పనే ఉండదు. కేబిన్ ఖాళీగా ఉంటే కౌంటర్ వెయిట్ వైపు 272 కిలోలు ఎక్కువ. అప్పుడు పైకి వెళ్లడానికి మోటార్ లాగక్కర్లేదు. కౌంటర్ వెయిట్ తనంతట తాను దిగుతుంది, కేబిన్ తనంతట తాను లేస్తుంది. మన పాత ఏతాం గుర్తుందా? వెనక రాయి కట్టి ఉంటే ఖాళీ బాన దానంతట అదే పైకి లేచేది, కిందికి దించడానికే మనిషి బలం కావాలి. ఇదీ అంతే.

మరి మోటార్ ఏం చేస్తుంది? కేబిన్ పరుగెత్తకుండా పట్టి ఉంచుతుంది. పట్టి ఉంచే మోటార్ అప్పుడు జనరేటర్ అయిపోతుంది. ఆ పుట్టిన కరెంటు వెనక్కి డ్రైవ్‌లోకే వస్తుంది. అక్కడినుంచి ఈబీ లైన్లోకి పోయే దారి మామూలు డ్రైవ్‌కి ఉండదు. అందుకే బ్రేక్ రెసిస్టర్ అని ఒక పెట్టె పెట్టి, ఆ కరెంటుని అందులో వేడిగా తగలేస్తారు. డీబీఆర్ అంటాం. ఆ పెట్టెకి కరెంటు చేరకపోతే డ్రైవ్ లోపల వోల్టేజ్ చరచరా పెరిగి ఓవర్ వోల్టేజ్‌లో ట్రిప్ అవుతుంది, అంటే తనంతట తాను ఆగిపోతుంది.

అంటే ఖాళీగా పైకి, నిండుగా కిందికి. ఈ రెండు సందర్భాల్లోనే రెసిస్టర్ పని చెయ్యాలి. మీరు ఒకసారి చెప్పండి, ఆరేడుగురు ఎక్కి పైనుంచి కిందికి దిగితే కూడా ఆగుతోందా?

బలగ_సెక్రటరీ

అయ్య బాబోయ్, అవునండీ! ఐదో అంతస్తులో సత్యనారాయణ వ్రతం అయ్యాక ఏడుగురు ఒకేసారి దిగబోతే నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయింది. బరువెక్కువై ఆగిందనుకుని దాన్ని లెక్కలో వెయ్యలేదు.

డ్రైవ్_పానా

అయితే ఇంక అనుమానం లేదు. ఒకసారి కదలగానే, ఒకసారి మధ్యలో అంటున్నారు కాబట్టి వైరు పూర్తిగా తెగిపోలేదు, ఎక్కడో లూజ్ అయింది. కంట్రోల్ ప్యానెల్ మీదో పక్కనో చిల్లుల పెట్టె ఉంటుంది, అదే రెసిస్టర్. దాన్ని చూపించండి. అది చూడకుండా డ్రైవ్ కొనొద్దు. కొత్త డ్రైవ్ వేసినా అదే చోట ఆగుతుంది.

ఒక్క మాట. మీరెవరూ చెయ్యి పెట్టొద్దు. మెయిన్ ఆఫ్ చేశాక కూడా డ్రైవ్ లోపల కెపాసిటర్లలో మనిషిని చంపేంత వోల్టేజ్ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. ఛార్జ్ లైటు ఆరాలి, డ్రైవ్ పుస్తకంలో రాసిన టైము ఆగాలి, మీటర్ పెట్టి సున్నా అని చూసుకోవాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. పనొచ్చినవాడితోనే చేయించండి.

రిటైర్డ్_లైన్‌మన్

పానా తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది. కానీ సప్లైని అలా వదిలెయ్యకు. రాత్రిపూట లైన్లోనే 450 ఉంటే డ్రైవ్ లోపల ఇంకెంత ఉంటుంది?

బలగ_సెక్రటరీ

బాబాయ్, మీరు చెప్పినట్టు నిన్న రాత్రి పదకొండింటికి ఎలక్ట్రీషియన్ చేత చూపించాను. 448 వచ్చింది. మధ్యాహ్నం 409.

త్రిబుల్ఈ_లెక్కలు (విజయనగరం, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు)

ఆ 448తోనే లెక్క వేద్దాం. డ్రైవ్ మూడు అరల పెట్టె అనుకోండి. మొదటి అరలో డయోడ్లు. ఏసీని డీసీ చేస్తాయి. రెండో అరలో కెపాసిటర్లు, డీసీని నిలువ ఉంచుతాయి. దీన్నే డీసీ బస్ అంటాం. మూడో అరలో ఐజీబీటీలు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, సెకనుకు కొన్ని వేలసార్లు ఆన్-ఆఫ్ అవుతూ ఆ డీసీని ముక్కలు చేసి మనకు కావలసిన ఫ్రీక్వెన్సీతో మళ్లీ ఏసీ తయారుచేస్తాయి.

డీసీ బస్ వోల్టేజ్ అంటే సుమారుగా లైన్ వోల్టేజ్ ఇంటూ 1.414. లైన్ 415 అయితే 587. మీ రాత్రి 448కి 633. ఈ తరగతి డ్రైవ్‌లు ట్రిప్ అయ్యేది 800 దాటాకే. కాబట్టి లైన్ ఒక్కదాని వల్ల ట్రిప్ కాదు. కానీ లైన్‌మన్ గారి మాటలో పస ఉంది. 587 నుంచి 800కి ఎక్కడం కన్నా 633 నుంచి ఎక్కడం తేలిక. అందుకే రాత్రిపూట ట్రిప్పులు ఎక్కువ కనబడవచ్చు.

ఇక మోటార్ వెనక్కి పంపేది ఎంత? 272 కిలోలు, 9.81, సెకనుకు 1 మీటరు. గుణిస్తే 2,670 వాట్లు. రాపిడికి, మోటార్ వేడికి కొంత పోయినా 2,000 వాట్లు వెనక్కి వస్తాయనుకుందాం. కెపాసిటర్ 1,000 మైక్రోఫారడ్ అనుకుంటే 600 వోల్టుల నుంచి 800కి చేరడానికి 140 జౌళ్లు చాలు. సెకనుకు 2,000 జౌళ్లు వచ్చిపడుతుంటే పదో వంతు సెకను కూడా పట్టదు. రెసిస్టర్ దారి ఒక్క క్షణం మూసుకుపోయినా లిఫ్ట్ ఎందుకు టక్కున ఆగుతుందో ఇదే కారణం.

మీది గేర్‌లెస్ కావడం వల్ల ఇది ఇంత బాహాటంగా కనబడింది. పాత వార్మ్ గేర్ మెషిన్లలో వెనక్కి వచ్చే శక్తిలో చాలా భాగం గేర్ రాపిడికే పోతుంది. రెసిస్టర్ లూజ్ అయినా అంత తొందరగా బయటపడదు.

జీడితోట (పలాస)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంటికి రెండంతస్తుల హోమ్ లిఫ్ట్ పెడదామని చూస్తున్నాం, నాన్నగారికి మోకాళ్లు. మాకున్నది సింగిల్ ఫేజ్ మీటర్. ఒకాయన త్రీ ఫేజ్ తప్పదంటాడు, ఇంకొకాయన డ్రైవ్ ఉంటే సింగిల్ ఫేజ్ చాలంటాడు. ఎవరి మాట నమ్మాలి?

త్రిబుల్ఈ_లెక్కలు

రెండో ఆయన మాట. సింగిల్ ఫేజ్ 230 తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్‌లు ఉన్నాయి. మేడమ్/సార్, ఒక్కటి మాత్రం చూసుకోండి. 230 నుంచి డీసీ బస్ 325 మాత్రమే వస్తుంది. దాంతో 230 వోల్టుల త్రీ ఫేజ్ మోటార్ నడుస్తుంది. 415 వోల్టుల మోటార్ తగిలిస్తే తిరుగుతుంది గానీ లాగదు. మోటార్ నేమ్‌ప్లేట్ ఫొటో తీసి పంపమనండి.

వంశధార

నాదో అనుమానం, ఈసారి సీరియస్‌గానే. వెనక్కి కరెంటు పుడుతోంది అంటున్నారు. దాన్ని రెసిస్టర్‌లో తగలేయడం ఏమిటి? ఆ రెండు వేల వాట్లు మెట్ల లైట్లకి వాడుకోవచ్చుగా. దీనికేదో రీజెనరేటివ్ డ్రైవ్ ఉందట, ఒక సేల్స్ అబ్బాయి మా అసోసియేషన్‌కి వచ్చి కరెంటు బిల్లు సగం అవుతుందని చెప్పి వెళ్లాడు.

త్రిబుల్ఈ_లెక్కలు

ఉంది. పెద్ద టవర్లలో, రోజంతా నడిచే లిఫ్ట్‌లలో దానికి అర్థం ఉంది. మన ఐదంతస్తులకి లెక్క వేసి చూడండి. ఒక ట్రిప్ 15 సెకన్లు, ఆ సేపంతా 4 కిలోవాట్లు లాగిందనే అనుకుందాం, నిజానికి అంత లాగదు. 4,000 వాట్లు 15 సెకన్లు అంటే 60 ట్రిప్పులకి ఒక యూనిట్. రోజుకి 200 ట్రిప్పులు తిరిగినా మూడున్నర యూనిట్లు దాటదు. అందులో వెనక్కి వచ్చేది ఎంత, దాన్ని దాచుకుంటే మిగిలేది ఎంత? ఆ డ్రైవ్‌కి పెట్టే అదనపు ధర బిల్లులో తిరిగి రావడానికి లిఫ్ట్ ఆయుష్షు చాలదు.

బిల్లు తగ్గాలంటే కేబిన్ లోపల చూడండి. ఫ్యాన్ 50 వాట్లు, లైట్లు 40 వాట్లు, రాత్రీ పగలూ వెలుగుతూ తిరుగుతూ ఉంటే రోజుకి 2 యూనిట్ల పైనే. లిఫ్ట్ కదలడానికయ్యే దాంట్లో సగం కన్నా ఎక్కువ ఇది, ఎవరూ ఎక్కకుండానే. రెండు నిమిషాలు ఎవరూ బటన్ నొక్కకపోతే ఫ్యాన్, లైటు ఆరిపోయేలా చాలా కంట్రోలర్లలో సెట్టింగ్ ఉంటుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

వంశధార

సేల్స్ అబ్బాయి ఫ్యాన్ సంగతి ఎత్తనే లేదు మరి.

డ్రైవ్_పానా

ఎత్తితే ఏం అమ్ముతాడు అన్నా?

మూడులాంతర్లు (విజయనగరం)

ఈ చర్చ చూశాక నా బాధ కూడా చెప్పుకుంటున్నాను. మాది పాత బిల్డింగ్, కింద షాపులు, పైన ఇళ్లు. లిఫ్ట్ రెండు స్పీడ్ల మోటార్, కాంటాక్టర్లు, జాలీ తలుపు. బయల్దేరేటప్పుడు ఒక కుదుపు, ఆగే ముందు స్పీడ్ మారేటప్పుడు ఇంకో కుదుపు. ఆగిన చోట నేలకీ కేబిన్‌కీ బెత్తెడు తేడా. ఒకరోజు పైకి ఉంటుంది, ఇంకోరోజు కిందికి. మా అమ్మ చెప్పు అంచు తగిలి గుమ్మంలో బోర్లా పడింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే పోరు. మోటార్, గేర్ బాక్స్ అలాగే ఉంచి డ్రైవ్ మాత్రం పెట్టించుకోవచ్చా? పెడితే ఆ బెత్తెడు తేడా పోతుందా?

డ్రైవ్_పానా

పెట్టుకోవచ్చు. ఈ మధ్య నేను చేస్తున్న పనుల్లో సగం ఇవే.

ఆ తేడా ఎందుకొస్తుందంటే, రెండు స్పీడ్ల మోటార్‌ని ఆపేది అసలు బ్రేక్. తక్కువ స్పీడ్‌లో నడుస్తుండగా కరెంటు తీసేస్తే బ్రేక్ పడుతుంది. లోపల ఇద్దరుంటే ఒకలా జారుతుంది, ఆరుగురుంటే ఇంకోలా జారుతుంది. బ్రేక్ లైనింగ్ అరిగినకొద్దీ ఇంకాస్త. ఎంత అడ్జస్ట్ చేసినా అన్ని బరువులకీ ఒకే చోట ఆగదు. డ్రైవ్ పెడితే మోటారే వేగాన్ని సున్నాకి తెచ్చి కేబిన్‌ని అక్కడ పట్టుకుంటుంది. ఆ తర్వాత బ్రేక్ పడుతుంది. నిలబడ్డదాన్ని పట్టుకోవడమే దాని పని కాబట్టి లైనింగ్ అరగదు. మోటార్‌కి ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో డ్రైవ్‌కి చెప్పే పరికరం) పెడితే తేడా ఐదు, పది మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. అమ్మగారి చెప్పుకి తగలదు.

కుదుపు కూడా పోతుంది. వేగం పెరగడం, తగ్గడం ఎంత మెల్లగా మొదలై ఎంత మెల్లగా ముగియాలో డ్రైవ్‌లో అంకెలుగా పెట్టొచ్చు, ఎస్-కర్వ్ అంటాం. అది అమర్చడానికి ఓపిక కావాలి. ఫ్యాక్టరీ సెట్టింగ్ వదిలేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఖాళీ కేబిన్, సగం, నిండు, మూడు బరువులతోనూ నడిపి చూపించమనండి. ఇసక బస్తాలు మీరే పెట్టి ఉంచండి.

బయల్దేరేటప్పుడు కేబిన్ ఒక్క అంగుళం వెనక్కి జారి అప్పుడు ముందుకెళ్తే, బ్రేక్ తెరుచుకునే టైము డ్రైవ్ టార్క్‌తో కలవలేదని అర్థం. ఒప్పుకోవద్దు. సర్దుబాటు అయ్యే విషయమే.

త్రిబుల్ఈ_లెక్కలు

దీనికి నావి రెండు చేర్పులు. రెండు స్పీడ్ల మోటార్‌లో రెండు వైండింగులు ఉంటాయి. డ్రైవ్ ఇచ్చేది ఎక్కువ స్పీడ్ వైండింగ్‌కే. రెండోదాని కొసలు ఇన్సులేట్ చేసి వదిలెయ్యాలి. తక్కువ వేగం ఇక ఫ్రీక్వెన్సీతో వస్తుంది. 120 ఇంటూ ఫ్రీక్వెన్సీ, భాగించు పోల్స్. నాలుగు పోల్స్ మోటార్ 50 హెర్ట్జ్‌కి నిమిషానికి 1,500 చుట్లు, 5 హెర్ట్జ్‌కి 150. బలగ వారి గేర్‌లెస్ లాంటి వాటిలో అసలు 50 హెర్ట్జ్ అక్కర్లేదు. 400 మిల్లీమీటర్ల చక్రం, రోప్‌లు రెండు మడతల్లో ఉంటే సెకనుకు 1 మీటరుకి నిమిషానికి 95 చుట్లు చాలు. 20 పోల్స్ మోటార్ అయితే 16 హెర్ట్జ్.

రెండోది వైండింగ్ ఆరోగ్యం. డ్రైవ్ ఇచ్చే వోల్టేజ్ నున్నటి అల కాదు, నిట్టనిలువుగా లేచే ముక్కలు. పాత వైండింగ్ ఇన్సులేషన్‌కి అది కష్టం. మోటార్‌కి డ్రైవ్ దూరంగా ఉండి కేబుల్ పొడవైతే మోటార్ కొసల దగ్గర ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మీ ప్యానెల్ మెషిన్ రూమ్‌లోనే ఉంటే నయం. ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టించండి. రీడింగ్ బాగా లేకపోతే కొత్త వైండింగో, కొత్త మోటారో ఇప్పుడే అనుకోవడం మేలు.

మూడులాంతర్లు

జనరేటర్ సంగతేమిటి? ఇప్పుడు లిఫ్ట్ బయల్దేరితే జనరేటర్ మూలుగుతుంది, షాపుల్లో లైట్లు డిమ్ అవుతాయి. డ్రైవ్ పెడితే పెద్ద జనరేటర్ కొనాలా?

రిటైర్డ్_లైన్‌మన్

దీనికి నేను చెప్తా. పెద్దది కాదు, ఉన్నదే హాయిగా నడుస్తుంది. ఏడున్నర హెచ్‌పీ మోటార్ మామూలుగా 11 ఆంపియర్లు లాగేది, నేరుగా స్టార్ట్ చేస్తే ఒక్కసారిగా 60 దాకా లాగుతుంది. అందుకే ఆ మూలుగు. డ్రైవ్ మెల్లగా ఎత్తుతుంది కాబట్టి ఆ కెరటం ఉండదు. అయితే డ్రైవ్ ముందు చోక్ (కరెంటుని నున్నగా చేసే కాయిల్) పెట్టమని అడగండి. డయోడ్ల పెట్టె కరెంటుని గుక్కలుగుక్కలుగా తాగుతుంది, చిన్న జనరేటర్‌కి ఆ గుక్కలు పడవు. చోక్ ఉంటే సర్దుకుంటుంది. మెరుపులు ఎక్కువున్న జిల్లాలు మనవి, సర్జ్ అరెస్టర్ కూడా ప్యానెల్ ముందు ఒకటి వేయించండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో ఎన్ని ఎలక్ట్రానిక్ కార్డులు పోయాయో ఈ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు.

జీడితోట

తిత్లీ మా పలాస మీంచే కదండీ వెళ్లింది. తోటలే పోయాయి, కార్డులొక లెక్కా.

రిటైర్డ్_లైన్‌మన్

నిజమే బాబూ. అన్నట్టు, తుపాను హెచ్చరిక రాగానే లిఫ్ట్‌ని పై అంతస్తుల్లో ఆపి మెయిన్ ఆఫ్ చెయ్యండి. పిట్‌లోకి నీరు చేరితే కేబిన్ తడవదు. కరెంటు వచ్చిన వెంటనే ఆన్ చెయ్యకండి, నిలకడ పడనివ్వండి.

కోట_జంక్షన్ (విజయనగరం)

డ్రైవ్ పెట్టాక మా అపార్ట్‌మెంట్‌లో ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) రోజూ ట్రిప్ అయ్యేది. ఎక్కడా లీకేజీ దొరకలేదు. మెషిన్ రూమ్ పక్క ఫ్లాట్ వాళ్లకి రాత్రిళ్లు కీచుమనే శబ్దం ఇంకో గొడవ. శబ్దం పోవాలని ఎవరో ఒకాయన డ్రైవ్‌లో ఏదో అంకె పెంచాడు. శబ్దం తగ్గింది, ట్రిప్పులు పెరిగాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

త్రిబుల్ఈ_లెక్కలు

చాలా దగ్గరి సంబంధం. ఆయన పెంచింది క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే ఐజీబీటీలు సెకనుకు ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ కావాలన్న అంకె. అది 2, 3 కిలోహెర్ట్జ్‌లో ఉంటే చెవికి కీచుగా వినిపిస్తుంది. 8, 10కి పెంచితే అంతగా వినిపించదు. కానీ పెంచినకొద్దీ కేబుల్ నుంచి, మోటార్ బాడీ నుంచి ఎర్త్‌లోకి జారే కరెంటు పెరుగుతుంది, డ్రైవ్ కూడా వేడెక్కుతుంది. ఇళ్లల్లో వాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుని పడిపోతుంది. లిఫ్ట్‌కి వేరే ఫీడర్, డ్రైవ్‌లకి తగిన రకం ఆర్‌సీసీబీ, మోటార్ కేబుల్‌కి షీల్డ్, ఆ షీల్డ్‌కి సరైన ఎర్త్. ఇవి చూపించుకోండి. ఆర్‌సీసీబీ తీసేసి బైపాస్ చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

బలగ_సెక్రటరీ

అందరూ వినండి, కథ తేలింది.

పానా గారి పోస్ట్ ప్రింట్ తీసి ఏఎంసీ వాళ్ల సీనియర్‌కి చూపించాను. ఆయన మొహం అదోలా పెట్టినా మర్నాడు స్వయంగా వచ్చారు. మెయిన్ ఆఫ్ చేసి, లైటు ఆరాక ఇంకాసేపు ఆగి, మీటర్ పెట్టి చూసి, అప్పుడు ప్యానెల్ మీదున్న చిల్లుల పెట్టె మూత తీశారు. నేను దూరంగా నిలబడి చూశాను. రెసిస్టర్ గొట్టం బాగానే ఉంది. దానికొచ్చే రెండు వైర్లలో ఒకదాని లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే లోహపు ముక్క) నల్లగా మాడి ఉంది, బోల్టు చుట్టూ ఇత్తడి నీలం రంగు తిరిగిపోయింది. వైరు మామూలు ఇంటి వైరింగ్ వైరే. పైన తొడుగు వేడికి గట్టిపడి, ఆయన వేలితో నొక్కగానే పొడిపొడిగా రాలింది. మీటర్ పెట్టి వైరు కాస్త కదిపితే ఒకసారి 70 ఓమ్‌లు, ఒకసారి ఏమీ లేదు. పెట్టె నేమ్‌ప్లేట్ మీద కూడా 70 అనే ఉంది.

లగ్గులు కొత్తవి, వేడిని తట్టుకునే సిలికాన్ వైరు, బోల్టులకి స్ప్రింగ్ వాషర్లు. వైరు ఇక్కడ దొరక్క విశాఖ నుంచి తెప్పించారు. బిల్లు 2,600. పని అయ్యాక ఖాళీ కేబిన్‌ని కింద నుంచి పైకి వరసగా తిప్పారు, ఎక్కడా ఆగలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టబోతే "అమ్మో, కాలుతుంది" అని ఆపారు. ఇప్పుడు కాలాలి కదా, అదే దాని పని.

మీటింగ్‌లో లక్షా పది వేల కాగితం, 2,600 కాగితం పక్కపక్కన పెట్టాను. మామ్మగారు మాత్రం ఇంకా మెట్లే ఎక్కుతున్నారు.

వంశధార

మామ్మగారికి తోడుగా ఇంకో ముగ్గుర్ని ఎక్కించండి, సరిగ్గా నలుగురవుతారు. మోటార్‌కి కూడా విశ్రాంతి.

డ్రైవ్_పానా

సంతోషం సెక్రటరీ గారూ. ఆ పెట్టె మీద ఎవరూ సామాన్లు పెట్టకుండా, బట్టలు ఆరెయ్యకుండా చూడండి. మెషిన్ రూమ్‌లో కిటికీ తెరిచి ఉంచి జాలీ కొట్టించండి. డ్రైవ్ వెనక చిన్న ఫ్యాన్ తిరుగుతోందో లేదో ప్రతి సర్వీసులో చూడమనండి. ఆ ఫ్యాన్ ఆగిపోతే లోపల కెపాసిటర్లు ఎండిపోతాయి, అప్పుడు మాత్రం నిజంగానే డ్రైవ్ మార్చాలి.

ఇంకొకటి. ఏఆర్‌డీ ఉంది కాబట్టి ఎవరూ ఇరుక్కోరని చాలామంది అనుకుంటారు. అది కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో దగ్గరి అంతస్తుకి తీసుకెళ్తుంది. డ్రైవే ఫాల్ట్‌లో ఉంటే చాలా సెట్‌లలో అది పనిచెయ్యదు. వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి, లోపల మనిషితో మాట్లాడుతూ ఉండాలి, తలుపు పలుగుతో తెరవకూడదు, మెకానిక్‌కి ఫోన్ చెయ్యాలి.

మూడులాంతర్లు

మాకు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి ఎన్‌కోడర్‌తో, ఇంకోటి ఎన్‌కోడర్ లేకుండా 14 వేలు తక్కువకి. లేకుండా కూడా బాగానే ఆగుతుందంటున్నాడు.

డ్రైవ్_పానా

ఎన్‌కోడర్ లేకపోతే మోటార్ నిజంగా ఎంత తిరిగిందో డ్రైవ్‌కి తెలియదు, కరెంటు చూసి అంచనా వేస్తుంది. తక్కువ వేగాల్లో ఆ అంచనా తప్పుతుంది. లిఫ్ట్ ఆగేది ఆ తక్కువ వేగంలోనే. సామాన్ల లిఫ్ట్ అయితే ఎలాగోలా నెట్టుకురావచ్చు. మీరు ఇదంతా చేస్తున్నదే అమ్మగారి కోసం అన్నారు, 14 వేల దగ్గర ఆగకండి. ఎన్‌కోడర్ షాఫ్ట్‌కి తిన్నగా, ఊగకుండా బిగించాలి. కొటేషన్‌లో రెసిస్టర్ ఎన్ని ఓమ్‌లు, ఎన్ని వాట్లు, దానికి ఏ వైరు అన్నది రాయించండి. బలగ వారి కథ చూశారుగా.

మూడులాంతర్లు

అలాగే అన్నా. సిరిమాను సంబరం అయ్యాక పని పెట్టుకుందాం అనుకుంటున్నాం. ఆ రోజుల్లో మా ఇంటి నిండా చుట్టాలే, లిఫ్ట్ ఆపితే ఊరుకోరు.

డ్రైవ్_పానా

పండగ వారంలో ఆ సందులోకి సామాను బండి కూడా రాదు, తర్వాతే మంచిది. నాలుగైదు రోజులు లిఫ్ట్ ఉండదని పైవాళ్లకి ముందే చెప్పండి. మెగ్గర్ మాత్రం ఈ వారమే పెట్టించండి. వానాకాలం తడికి రీడింగ్ ఎలా ఉందో తెలుస్తుంది. అది చూశాకే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి.